ట్రస్టీకి నెలనెలా కడుతూనే ఉన్నాం, మరి ఇల్లెందుకు పోతోంది?

పాఠకుల ప్రశ్నలు: పన్ను, అప్పు, ఇల్లు

ప్రశ్న: నమస్కారం అండీ. మేము డాలస్ దగ్గర ఉంటాం, ఇల్లు 2022లో కొన్నాం. 2021, 2022 రెండేళ్ళూ నేను సొంత ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టుకుని సీ-టు-సీ మీద, అంటే కంపెనీకీ కంపెనీకీ మధ్య కాంట్రాక్టు మీద పనిచేశాను, చేతికొచ్చిందంతా మనదే అనుకుని ఖర్చుపెట్టేశా, మూడు నెలలకోసారి ముందుగా కట్టాల్సిన క్వార్టర్లీ టాక్స్ కట్టలేదు. రిటర్న్‌లు మాత్రం టైముకే వేశా. వడ్డీలు పెనాల్టీలు కలిపి 61 వేల డాలర్లు తేలింది. ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ వాళ్ళు, బ్యాంక్ అకౌంట్ మీద లెవీ వేస్తాం, డబ్బు పట్టుకుంటాం అని నోటీసు పంపేసరికి కాళ్ళూ చేతులూ ఆడక 2024 మార్చిలో చాప్టర్ 13 వేశాం, అదే కోర్టు ప్లాన్ ప్రకారం బాకీలు వాయిదాల్లో తీర్చుకునే దివాలా కేసు. అప్పటికి ఇంటి వాయిదా ఒక్కటి కూడా బాకీ లేదు. కేసులో డబ్బు తీసుకుని బాకీలవాళ్ళకి పంచే ట్రస్టీకి నెలకి 1,480 డాలర్లు, ఇంటి వాయిదా విడిగా మేమే కట్టుకోవాలి అని లాయర్ చెప్పింది, అలాగే చేశాం. ఈ ఏడాది ఏప్రిల్ ఆఖర్లో ప్రాజెక్ట్ అయిపోయింది. మా ఆవిడ జీతంతో ముందు ట్రస్టీ డబ్బులు కట్టేసేవాళ్ళం, ఎందుకంటే ఐఆర్ఎస్ కదా, వాళ్ళతో పెట్టుకోకూడదు అని. మే నుంచి ఆగస్టు దాకా నాలుగు నెలలు ఇంటికి కట్టలేకపోయాం. ఇప్పుడు బ్యాంకు లాయర్ కోర్టులో మోషన్ వేశాడు, స్టే (కేసు నడుస్తుండగా వసూళ్ళని ఆపే కోర్టు అడ్డు) ఎత్తేయండి, ఇల్లు ఫోర్‌క్లోజ్ చేసి వేలం వేసుకుంటాం అని. అందులో 5 నెలలు బాకీ, 16,300 డాలర్లు అని రాశారు, నేను ఎగ్గొట్టింది నాలుగే. సెప్టెంబర్ 2 నుంచి నాకు కొత్త ఉద్యోగం, ఈసారి డబ్ల్యూ-2, అంటే జీతంలోనే పన్ను కోసే ఉద్యోగం. ఫ్రెండ్స్ తలో మాట చెప్తున్నారు, ఆస్తి అమ్మి అప్పులు తీర్చే చాప్టర్ 7 దివాలాకి మార్చుకోమని ఒకరు, కేసు వదిలేసి మళ్ళీ కొత్తగా వేసుకోమని ఒకరు, ఇల్లు బావమరిది పేరున రాసేయమని ఇంకొకరు, 401కె రిటైర్మెంట్ డబ్బు తీసి కట్టేయమని ఇంకొకరు. ఇంకో విషయం కూడా ఉంది, షాద్‌నగర్ వైపు నాన్నగారు నా పేరున కొన్న 200 గజాల ప్లాట్ ఉంది, 25 లక్షలు ఉంటుందేమో, కేసు వేసేటప్పుడు లాయర్‌కి అది చెప్పలేదు. ఇండియాది కదా ఎందుకులే అనుకున్నా. ఇల్లు నిలబడుతుందా? పిల్లల స్కూల్ ఇక్కడే.

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేశాను గుర్తుంది కదా, ఎందుకంటే ఇలాంటి మోషన్‌కి జవాబు వేయడానికి చాలా కోర్టుల్లో 14 రోజులే గడువు, పత్రిక చేతికొచ్చేదాకా ఆగితే ఆ గడువు దాటిపోయి జడ్జి ఎదురు వాదన లేదని సంతకం పెట్టేస్తాడు. మీ లాయర్ జవాబు వేసేసింది అని చెప్పారు, సంతోషం. మిగతాది మీలాగే ఇరుక్కున్నవాళ్ళు చాలామంది ఉంటారని మీ అనుమతితో ఇక్కడ వివరంగా రాస్తున్నా. నేను లాయర్‌ని కాదు, 20 ఏళ్ళుగా టాక్స్ పని చేస్తున్న మనిషిని, కాబట్టి కోర్టులో ఏం చేయాలన్నది మీ లాయర్ మాటే ఫైనల్.

మీరు అడిగిన మొదటి మాట, "ఐఆర్ఎస్‌కి ఒక్క నెల కూడా ఆపలేదు కదా, మరి ఇల్లెందుకు పోతోంది" అని. ఇక్కడే అందరూ పొరబడతారు. చాప్టర్ 13లో రెండు దారుల్లో డబ్బు వెళ్తుంది. ఒకటి ట్రస్టీకి కట్టేది, అది కేసు వేసేనాటికి ఉన్న పాత బాకీల కోసం, మీ విషయంలో ముఖ్యంగా పన్ను. రెండోది కేసు తర్వాత నెలనెలా వచ్చే ఇంటి వాయిదా. ట్రస్టీకి ఎంత పద్ధతిగా కట్టినా అందులో ఒక్క డాలర్ కూడా మీ మార్ట్‌గేజ్‌కి వెళ్ళదు, ఎందుకంటే మీది మీరే నేరుగా కట్టుకునే ఏర్పాటు. కొన్ని జిల్లాల్లో, ముఖ్యంగా కేసు వేసేనాటికే ఇంటి బాకీ ఉన్నవాళ్ళకి, ఆ వాయిదా కూడా ట్రస్టీ చేతిమీదుగానే వెళ్తుంది. మీకు అప్పట్లో బాకీ లేదు కాబట్టి మీ చేతికి వదిలేశారు. మీరు ఉంటున్న ఇంటి మీద అప్పు షరతుల్ని మామూలుగా చాప్టర్ 13 ప్లాన్ మార్చలేదు, వడ్డీ తగ్గించలేదు, వాయిదా తగ్గించలేదు. పాత బాకీని నెమ్మదిగా తీర్చుకునే వీలు ఇస్తుంది, కొత్త వాయిదా మాత్రం ఏ నెలది ఆ నెల కట్టాల్సిందే. కట్టకపోతే బ్యాంకు జడ్జి దగ్గరికెళ్ళి మాకు స్టే అడ్డం తీయండి అని అడుగుతుంది, ఇప్పుడు జరిగింది అదే.

ఇంకో మాట కూడా అంటాను, తిట్టినట్టు అనుకోకండి. డబ్బు తక్కువ పడ్డ నాలుగు నెలల్లో మీరు వరుస తిరగేశారు. ఉద్యోగం పోయిన వారంలోనే లాయర్‌కి చెప్పి ఉంటే ట్రస్టీ వాయిదాల్ని కొన్నాళ్ళు ఆపమనో తగ్గించమనో ప్లాన్ మార్పు అడిగి ఉండేది, చట్టంలో దానికి దారి ఉంది, ఉద్యోగం పోవడం అనేది జడ్జిలు రోజూ వినే కారణమే. మార్ట్‌గేజ్ వాడి దగ్గర ఆ సౌలభ్యం అంత తేలిగ్గా దొరకదు. ఐఆర్ఎస్ అనగానే మనవాళ్ళకి ఒళ్ళు జల్లుమంటుంది, ఇంటి బ్యాంకు అంటే ఏదో మనవాడే అన్నట్టు ఉంటుంది. కేసు లోపల మాత్రం స్టే, ప్లాన్ నడుస్తున్నంత కాలం ఐఆర్ఎస్ చేతులు కట్టేసి ఉంటాయి, బ్యాంకు చేతులు మీరు వాయిదా కడుతున్నంత కాలమే.

ఇక 5 నెలలా 4 నెలలా అన్న గొడవ. మీరు పంపిన కాగితాలు ముందేసుకుని ఒక ఆదివారం పొద్దున్న కాఫీ చల్లారేదాకా కూర్చున్నా, ఇందులో మోసం ఏమీ లేదు, అలాగని మీ లెక్కా తప్పు కాదు. జనవరి నుంచి మీ వాయిదా 2,910 కాదు, 3,260. ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్ పెరిగి, వాటికోసం వాయిదాతో కలిపి తీసుకునే ఎస్క్రో 350 పెరిగింది. చాప్టర్ 13 కేసుల్లో వాయిదా మారితే సర్వీసర్ (బ్యాంకు తరఫున వాయిదాలు వసూలు చేసేవాడు) కనీసం 21 రోజుల ముందు కోర్టులో నోటీసు వేయాలి, డిసెంబర్ మొదటి వారంలో వేశాడు, మీకు పంపిన కాపీ మీరు పంపిన కట్టలోనే ఉంది, కవరు కూడా చింపలేదు. మీ బ్యాంక్ ఆటో పేమెంట్ మాత్రం పాత 2,910 పంపుతూనే ఉంది.

తక్కువ పడ్డ డబ్బుని సర్వీసర్ వాయిదాగా జమ వేసుకోడు, సస్పెన్స్ అకౌంట్ అని ఒక పక్క డబ్బాలో పడేస్తాడు. జనవరిలో మీరు పంపిన 2,910 ఆ డబ్బాలోకి వెళ్ళింది. ఫిబ్రవరి 2,910 కలిస్తే 5,820 అయింది, అప్పుడు జనవరి వాయిదా 3,260 తీసుకున్నాడు, 2,560 మిగిలింది. మార్చిది కలిపి ఫిబ్రవరికి జమ చేసుకుంటే 2,210, ఏప్రిల్‌ది కలిపి మార్చికి జమ చేసుకుంటే 1,860 మిగిలింది. అంటే మీరు ఏప్రిల్ కట్టాను అనుకుంటున్నారు, వాళ్ళ పుస్తకంలో ఏప్రిల్ ఇంకా రాలేదు. ఏప్రిల్ నుంచి ఆగస్టు ఐదు, ఐదు 3,260లు 16,300. అందులోంచి సస్పెన్స్‌లో ఉన్న 1,860 తీసేయాలి కదా, మోషన్‌లో అది ఎక్కడా తీయలేదు. అసలు బాకీ 14,440. కావాలంటే ఇంకోలా చూడండి, మీరు ఎగ్గొట్టిన నాలుగు నెలలు 13,040, నాలుగు నెలలు తక్కువ కట్టిన 350లు 1,400, కలిపితే అదే 14,440. జవాబులో ఈ లెక్క పెట్టించండి, పేమెంట్ హిస్టరీ మొత్తం అడగండి. పైన మోషన్ ఫైలింగ్ ఫీజు 199, వాళ్ళ లాయర్ ఫీజు అని ఇంకొంత వేస్తారు, అది తప్పదు గానీ ఎంత వేశారో చూసి న్యాయంగా లేకపోతే అభ్యంతరం చెప్పొచ్చు.

సరే 14,440 ఎలా తీర్చాలి. చాలా కేసుల్లో బ్యాంకు లాయర్ ఒక ఒప్పందం ఆర్డర్ పంపిస్తాడు, బాకీని 6 నెలల్లో తీర్చండి, మామూలు వాయిదా కూడా ఆపకండి, ఒక్కటి తప్పినా నోటీసు ఇచ్చి స్టే పోయినట్టే అని. ఆరు నెలలంటే నెలకి దాదాపు 2,407 అదనం. 3,260 ఇంటికి, 1,480 ట్రస్టీకి, పైన 2,407, అంటే నెలకి 7 వేల పైమాట. మీ కొత్త జీతం చేతికి ఎంతొస్తుందో మీకే తెలుసు. ఇల్లు దక్కింది చాలు అని హడావిడిగా అలాంటి కాగితం మీద సంతకం పెట్టిన వాళ్ళని చూశాను, మూడో నెలలో జారిపోతారు, అప్పుడు వాదించుకునే అవకాశం కూడా ఆ కాగితంలోనే రాసిచ్చేసి ఉంటారు.

మీ లాయర్‌ని అడగాల్సింది ప్లాన్ మార్పు గురించి. కేసు తర్వాత పడ్డ ఇంటి బాకీని కూడా ప్లాన్‌లో కలిపేసి మిగిలిన నెలల్లోకి పరిచేయడానికి చాలా కోర్టులు ఒప్పుకుంటాయి. మీ 5 ఏళ్ళ ప్లాన్ 2029 మార్చి దాకా ఉంది, 2025 అక్టోబర్ నుంచి లెక్కేస్తే 42 నెలలు. 14,440ని 42తో భాగిస్తే నెలకి దాదాపు 344. ట్రస్టీ కమీషన్, చట్టం ప్రకారం 10 శాతం దాకా ఉండొచ్చు, అది కలిపినా దాదాపు 380. 2,407 ఎక్కడ 380 ఎక్కడ. బ్యాంకు మొదట కాదనొచ్చు. సెప్టెంబర్ నుంచి నెలనెలా పూర్తి 3,260 పడుతోందని మీ జీతం స్టబ్‌లతో సహా చూపిస్తేనే జడ్జి మీ వైపు చూస్తాడు, అందుకే అన్నిటికన్నా ముందు ఆ ఆటో పేమెంట్ అంకె మార్చండి, ఈ పేరా చదవడం ఆపి ఇప్పుడే మార్చండి.

మార్పు చేసేటప్పుడు పన్ను ముక్కని కూడా మీ లాయర్‌తో ఒకసారి తిరగేయించండి. 2021, 2022 పన్నులు మీ విషయంలో ప్రయారిటీ బాకీలు, ఎందుకంటే ఆ రిటర్న్‌ల గడువు తేదీలు కేసుకి ముందు 3 ఏళ్ళ లోపే పడ్డాయి. ప్రయారిటీ పన్ను ప్లాన్‌లో పూర్తిగా కట్టాలి, అందులో తగ్గింపు ఉండదు. కానీ ఆలస్యానికి వేసిన పెనాల్టీలు అలా కాదు, మీ ఆస్తి మీద లీన్ (బాకీ హక్కు) రికార్డ్ చేసి ఉండకపోతే అవి క్రెడిట్ కార్డుల్లాంటి హామీ లేని అప్పుల వరసలో నిలబడతాయి, ఎంతొస్తే అంత తీసుకుంటాయి. ప్లాన్ పూర్తయితే ఆ ప్రయారిటీ పన్ను మీద కేసు తర్వాత వడ్డీ కూడా నడవదు. ఐఆర్ఎస్ వేసిన క్లెయిమ్ కాగితంలో ఎంత ప్రయారిటీ, ఎంత పెనాల్టీ అని విడివిడిగా రాసి ఉంటుంది, ఆ అంకెలు ప్లాన్‌లోని అంకెలతో కలుస్తున్నాయో లేదో చూసినవాళ్ళు చాలా తక్కువ. ఇదంతా కేసు బతికి ఉన్నంత వరకే సుమా, కేసు కొట్టేస్తే వడ్డీ, పెనాల్టీ వెనక్కి లెక్కేసి మళ్ళీ మీద పడతాయి, కేసులో గడిచిన కాలాన్ని ఐఆర్ఎస్ తన 10 ఏళ్ళ వసూలు గడువులో లెక్కపెట్టదు కూడా.

ఇక మీ ఫ్రెండ్స్ సలహాలు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే రకం.

చాప్టర్ 7కి మారే హక్కు మీకు ఉంది గానీ అక్కడ ఇంటి బాకీని వాయిదాల్లో తీర్చుకునే ఏర్పాటే లేదు, ప్రయారిటీ పన్ను కూడా రద్దవదు, అంటే మీకున్న రెండు సమస్యలూ అలాగే ఉంటాయి, మధ్యలో ప్లాన్ ఒకటి పోతుంది. కేసు వదిలేసి మళ్ళీ వేయడం ఇంకా ప్రమాదం. బ్యాంకు స్టే ఎత్తమని మోషన్ వేశాక మీ అంతట మీరు కేసు ఉపసంహరించుకుంటే 180 రోజుల పాటు కొత్త కేసు వేసే అర్హతే ఉండదు. ఈ రూలు తెలియక ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఒకవేళ ఆ ముడి లేకపోయినా, ఏడాది లోపు ఒక కేసు కొట్టేసి ఉంటే రెండో కేసులో స్టే 30 రోజులే, ఆలోపు జడ్జి పొడిగించాలి. రెండు కేసులు పోయి మూడోది వేస్తే స్టే దానంతటది రానే రాదు.

బావమరిది పేరున రాయడం గురించి ఎక్కువ మాట్లాడను. కేసులో ఉన్న ఇంటిని కోర్టు అనుమతి లేకుండా ఎవరి పేరునా రాయకూడదు, రాస్తే అది చెల్లదు, మార్ట్‌గేజ్ ఎలాగూ ఇంటిని అంటుకునే ఉంటుంది, ఫోర్‌క్లోజర్ ఆగదు, మీ నిజాయితీ మీద మచ్చ మాత్రం మిగులుతుంది, పైగా బావమరిదిని కూడా కోర్టుకి లాగినట్టు.

401కె విషయంలో మాత్రం ఒక్క నిమిషం ఆగండి, ఇది బయటికి మంచి సలహాలాగే కనబడుతుంది. 59న్నర ఏళ్ళ లోపు తీస్తే మామూలు ఆదాయపు పన్ను, పైన 10 శాతం పెనాల్టీ. అంటే ఇంటి బాకీ తీర్చబోయి కొత్త సంవత్సరంలో కొత్త పన్ను బాకీ పుట్టిస్తారు, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. కేసు నడుస్తుండగా కొత్త పన్ను ఎగ్గొడితే కేసే కొట్టేయమని అడగడానికి అదొక్కటి చాలు. 401కె మీద లోన్ తీసుకోవడం వేరే సంగతి, కానీ దానికీ ముందు కోర్టు అనుమతి కావాలి, లాయర్‌ని అడగండి.

కొత్త పన్ను అన్నాను కదా, మీ ఉత్తరంలో మీరు రాయని బాకీ ఇంకొకటి కనబడుతోంది. ఈ జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీ-టు-సీ మీద సంపాదించారు, దానికి ఏప్రిల్ 15, జూన్ 15 ఎస్టిమేటెడ్, అదే క్వార్టర్లీ టాక్స్, కట్టారా? కట్టి ఉండరు. 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్‌తో కలిపి వచ్చే ఏప్రిల్‌లో అది బయటపడుతుంది. దీనికి ఒక మంచి చిట్కా ఉంది. జీతంలోంచి కోసే విత్‌హోల్డింగ్‌ని చట్టం ఏడాదంతా సమానంగా కట్టినట్టు లెక్కేస్తుంది. ఇప్పుడే కొత్త ఉద్యోగంలో డబ్ల్యూ-4 ఫారం మార్చి ప్రతి జీతంలోనూ అదనంగా కొంత కోయమని రాస్తే డిసెంబర్ లోపు ఆ లోటు చాలావరకు పూడుతుంది, తక్కువ కట్టినందుకు వేసే పెనాల్టీ కూడా తగ్గుతుంది. మీ మొత్తం కథ మొదలైందే క్వార్టర్లీ కట్టకపోవడంతో కదా.

ప్లాట్ సంగతి. దీని గురించి ఫోన్‌లో మీ గొంతు తగ్గిపోయింది, నాకు అర్థమైంది. కేసు కాగితాల్లో ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తి అయినా రాయాలి, ఇండియా ప్లాట్, చిట్టీ, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, లాకర్‌లో బంగారం అన్నీ. తెలిసి దాస్తే అది ఫెడరల్ నేరం, 5 ఏళ్ళ దాకా జైలు రాసుంది చట్టంలో. మీరు తెలియక వదిలేశారు, ఎవరూ అడగకముందే మీరే లాయర్‌కి చెప్పి కాగితాలు సవరించండి, మీరు లాయర్‌తో చెప్పుకున్నది ఆమె బయటపెట్టదు, కానీ తెలిశాక తప్పు కాగితం మీద ఊరుకోదు కూడా, ఊరుకోకూడదు.

దీంట్లో ఒక వింత ఉంది. చాప్టర్ 13లో చూసే పరీక్ష ఏంటంటే, మీ ఆస్తి చాప్టర్ 7లో అమ్మేస్తే క్రెడిట్ కార్డుల్లాంటి హామీ లేని అప్పుల వాళ్ళకి ఎంత దక్కేదో అంతకి తక్కువ కాకుండా ప్లాన్‌లో దక్కాలి. 25 లక్షల ప్లాట్ అంటే 28, 29 వేల డాలర్లు అనుకుందాం. దాన్ని అమ్మితే ఆ డబ్బు ముందు ఎవరికి వెళ్ళేది? ఖర్చులు పోను ప్రయారిటీ పన్నుకి, అంటే ఐఆర్ఎస్‌కి. ఐఆర్ఎస్ ప్రయారిటీ బాకీ దానికన్నా చాలా ఎక్కువ, ఆ బాకీ మీ ప్లాన్‌లో ఇప్పటికే పూర్తిగా కడుతున్నారు. కార్డుల వాళ్ళకి ఆ ప్లాట్ వల్ల పెద్దగా ఏమీ దక్కేది కాదు. కాబట్టి ఆ ప్లాట్ రాసినా మీ నెలవారీ కట్టుబడి పెరగకపోవచ్చు, లెక్క మీ లాయర్ వేయాలి. ఇన్నాళ్ళు మీరు నిద్ర పాడుచేసుకుని దాచింది అసలు దాచక్కర్లేనిదేమో.

ఇంత చేసినా జడ్జి స్టే ఎత్తేస్తే? మర్నాడు తాళం వేయరు. టెక్సాస్‌లో కోర్టు కేసు లేకుండానే వేలం వేస్తారు నిజమే గానీ, ముందు బాకీ తీర్చుకోమని 20 రోజుల నోటీసు, తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వేలం నెలలో మొదటి మంగళవారం కౌంటీ చెప్పిన చోట జరుగుతుంది. ఈలోపు సర్వీసర్‌కి లోన్ మాడిఫికేషన్ దరఖాస్తు పూర్తిగా పెడితే, వేలానికి 37 రోజులకన్నా ముందే అది పూర్తయి ఉంటే, నిర్ణయం చెప్పకుండా వేలం వేయకూడదన్నది ఫెడరల్ రూలు. పూర్తిగా అన్న మాట గట్టిగా పట్టుకోండి, ఒక్క బ్యాంక్ స్టేట్‌మెంట్ పేజీ తగ్గినా అసంపూర్తి అంటారు, స్టేట్‌మెంట్‌లో ఖాళీగా ఉండే ఆఖరి పేజీ కూడా పంపాలి, నవ్వొస్తుంది గానీ దాని కోసమే వెనక్కొచ్చిన ఫైళ్ళు చూశాను. కొత్త జీతం ఉంది కాబట్టి ఆ దరఖాస్తు ఇప్పుడే మొదలుపెట్టినా తప్పులేదు, కేసులో ఉన్నప్పుడు ఒప్పందం కుదిరితే కోర్టు అనుమతి తీసుకోవాలి అంతే.

లెక్కలన్నీ వేశాక 3,260 మీ జీతానికి మోయలేనిది అని తేలితే, వేలానికి వదిలేయకుండా కోర్టు అనుమతితో మీరే అమ్ముకోండి. ఏజెంట్ అమ్మితే వచ్చే ధర వేరు, మంగళవారం వేలంలో వచ్చే ధర వేరు. అదే స్కూల్ హద్దుల్లో అద్దెకి ఇల్లు దొరుకుతుందేమో కూడా ఒకసారి చూసి పెట్టుకోండి, మీ ఆవిడతో కలిసి చూడండి, ఆమె జీతంతో ఇన్ని నెలలు నెట్టుకొచ్చారు, ఆమె మాట ఈ ఉత్తరంలో నాకెక్కడా వినపడలేదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మేము న్యూజెర్సీలో ఉంటాం. మా ఆయన ఒక్కరే చాప్టర్ 13 వేశారు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది, టాక్స్ రిటర్న్ కూడా జాయింట్‌గానే వేశాం. నేను కేసులో లేను కాబట్టి నాకేం భయం లేదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం అమ్మా. ఇంటి అప్పు వరకు మీరు కేసులో లేకపోయినా ఆయన కేసు నీడ మీ మీద పడుతుంది, సొంత ఇంటి అవసరానికి చేసిన అప్పులో సహ బాధ్యురాలికి కూడా చాప్టర్ 13లో రక్షణ ఉంది. పన్ను అలా కాదు. జాయింట్ రిటర్న్ వేస్తే మొత్తం పన్నుకి ఇద్దరూ విడివిడిగా బాధ్యులు, సగం సగం కాదు. ఆ సహ బాధ్యుల రక్షణ పన్ను బాకీకి వర్తించదన్నదే ఎక్కువ కోర్టుల మాట, అంటే ఆయన ప్లాన్ కడుతుండగానే ఐఆర్ఎస్ మీ జీతం మీదకి రావచ్చు. మీ పేరున ఐఆర్ఎస్ నుంచి వచ్చే ఉత్తరాలు ఆయనకి ఇచ్చి ఊరుకోకండి, మీరే చదవండి. ఆయన వ్యాపారం లెక్కల్లో తప్పు ఉందని మీకు నిజంగా తెలియకుండా సంతకం పెట్టి ఉంటే ఫారం 8857 అని ఇన్నొసెంట్ స్పౌజ్ దరఖాస్తు ఉంది, కానీ రిటర్న్‌లో లెక్క సరిగ్గానే ఉండి డబ్బు కట్టకపోవడమే సమస్య అయితే అది దొరకడం కష్టం. మీరు కూడా కేసులో చేరాలా వద్దా అన్నది ఆయన లాయర్‌ని కాకుండా వేరే లాయర్‌ని ఒక గంట అడగండి, ఇద్దరి లాభం ఒకటే కాకపోవచ్చు.

ప్రశ్న: అట్లాంటా దగ్గర ఉంటాం. ఇంటికి 5 నెలల బాకీ, ఐఆర్ఎస్‌కి 22 వేలు. ఇంకా బ్యాంక్రప్ట్సీ వేయలేదు. వచ్చే నెల మొదటి మంగళవారం వేలం అని నోటీసొచ్చింది. పేపర్లో ప్రకటన పడిన దగ్గర్నుంచి తలుపుకి చీటీలు గుచ్చుతున్నారు, ఒకాయన ఇంటికొచ్చి 3,500 ఇస్తే ఆపిస్తానన్నాడు, ఒక డీడ్ మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. జార్జియాలో వేలం ప్రకటన కౌంటీ పేపర్లో నాలుగు వారాలు వేయాలి, ఆ పేపర్ చూసే ఇలాంటివాళ్ళు బయల్దేరతారు. ఫోర్‌క్లోజర్ ఆపిస్తామని చెప్పే కంపెనీ ఏదైనా, మీకు బ్యాంకు నుంచి ఒప్పందం కాగితం తెచ్చి మీరు ఒప్పుకునేదాకా ఒక్క డాలర్ కూడా ముందు తీసుకోకూడదని ఫెడరల్ రూలు ఉంది, లాయర్లకి మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు. ఇక డీడ్ మీద సంతకం అంటే ఇల్లు వాడిదైపోతుంది, అప్పు మాత్రం మీదే.

హడ్, అంటే ఫెడరల్ గృహ శాఖ, ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్ ఫోర్‌క్లోజర్ విషయంలో ఉచితంగా మాట్లాడతారు, ముందు వాళ్ళకి ఫోన్ చేయండి. 22 వేల పన్ను ఒక్కదాని కోసమైతే బ్యాంక్రప్ట్సీ అక్కర్లేదు, 50 వేల లోపు బాకీకి నెలనెలా వాయిదాలు ఐఆర్ఎస్ తేలిగ్గానే ఇస్తుంది, రిటర్న్‌లన్నీ వేసి ఉండాలి అంతే. మీ సమస్య ఇల్లు, దానికి గడియారం నడుస్తోంది. చాప్టర్ 13 వేయాలంటే సుత్తి పడకముందే వేయాలి, వేలం అయిన సాయంత్రం వేస్తే ఇల్లు వెనక్కి రాదు. వేసే ముందు ఒక క్రెడిట్ కౌన్సెలింగ్ క్లాసు చేసిన సర్టిఫికెట్ తప్పనిసరి, గంటా రెండు గంటల్లో అయిపోతుంది, కోర్టు ఫీజు 313 డాలర్లు వాయిదాల్లో కట్టుకోవడానికి కూడా అడగొచ్చు. గత 4 ఏళ్ళ రిటర్న్‌లలో ఏదైనా వేయకుండా మిగిలిపోయిందేమో ఈ రాత్రే చూసుకోండి, ట్రస్టీ మీటింగ్‌కి ముందురోజుకల్లా అవి వేసి ఉండకపోతే కేసు నిలబడదు. లాయర్ దగ్గరికి సోమవారం వెళ్ళండి, వేలం నోటీసు, ఆ డీడ్ కాపీ రెండూ తీసుకెళ్ళండి.